కొండకి గండి, ఏటిగట్టుకి గండి

నిన్న గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు: "తూర్పు కనుమలంటే కొండలా, కొండల మధ్య దారులా? మాది అమలాపురం పక్క. చుట్టూ ఎటు చూసినా కొండ కనపడదు. పిల్లాడికి పాఠం చెప్పబోయి ఆగిపోయాను."

తమ్ముడూ, కనుమ అంటే రెండు కొండల నడుమ దారే. ఇంగ్లీషులో వీటిని ఈస్టర్న్ ఘాట్స్ అంటారు కదా, ఆ ఘాట్ అన్న మాటకీ ఆ అర్థం ఉంది. రాజమండ్రి పుష్కర ఘాట్‌లో అది మెట్లు, మారేడుమిల్లి ఘాట్ రోడ్డులో కొండదారి. దారి పేరే మొత్తం కొండల వరసకి స్థిరపడిపోయింది. నన్నడిగితే పడమటి వాటికన్నా మన తూర్పు వాటికే ఆ పేరు బాగా నప్పుతుంది. ఇవి ఒక్క గోడలా ఉండవు. మహానది, గోదావరి, కృష్ణ, పెన్న వీటిని ఎక్కడికక్కడ తెగ్గోసుకుంటూ సముద్రానికి వస్తాయి.

అయితే నీళ్ళు చేసుకున్న దారికి మనకి వేరే మాట ఉంది: గండి. పెన్న కొండని చీల్చిన చోట గండికోట. పాపికొండలకి లాంచీ ఎక్కే చోట గండిపోశమ్మ. అదే మాట గోదావరి నడుమ లంకల్లో వినపడితే గుండె జారిపోతుంది. 1986 ఆగస్టు వరదలో "గట్టుకి గండి పడింది" అన్న కేక విని పరిగెత్తిన సంగతి మా నాన్న ఇప్పటికీ చెబుతారు. గట్టు కూడా అలాంటి మాటే. తెలంగాణలో, సీమలో గట్టంటే కొండ. మనకి ఏటిగట్టు. కొండ లేని చోట మట్టి పోసి కట్టుకున్నాం.

ఒక్కసారి పిల్లాణ్ణి పాపికొండలకి తీసుకెళ్ళు. 2008లో జాతీయ పార్కు చేశారు. వెదురు, టేకు, జీలుగు చెట్లు, లోపల అడవిదున్నలు. మేం వెళ్ళినప్పుడు లాంచీ ఇంజను ఆపగానే నెత్తిమీద బరువైన రెక్కల చప్పుడు, ఎవరో తడి దుప్పటి దులిపినట్టు. హార్న్‌బిల్! పసుపు ముక్కు మీద ఇంకో ముక్కు పెట్టినట్టుంటుంది. ఆడది చెట్టు తొర్రలో కూర్చుని సన్నటి సందు మాత్రం వదిలి మూసేసుకుంటుంది, మగది ఆ సందులోంచే పళ్ళు అందిస్తుంది. చెట్టు పెద్దదైతేనే అంత తొర్ర. పెద్ద చెట్లు నరికేస్తే ఆ పక్షి గుడ్లెక్కడ పెట్టాలి?

కింద ఒకావిడ రాశారు:

"గండి అనగానే గుర్తొచ్చిందండీ. గోదావరికి ఎర్రనీరు వచ్చిందంటే మా ఊళ్ళో అందరూ పులస కోసం చూసేవారు. మా తాతగారు మాత్రం దోసిట్లో పట్టి, ఆ ఒండ్రు వేళ్ళ మధ్య రాసి చూసి, 'కొండల్లో గట్టి వాన పడిందే' అనేవారు. ఆయన కొండ ఎక్కింది లేదు."