కన్చెర్టోని ‘కచేరీ’ అనొచ్చా?

ఒక అనువాదంలో ‘కన్చెర్టో’ (కొన్ని వాద్యాలు ముందుండి, మిగతా బృందంతో కలిసి వాయించే పాశ్చాత్య సంగీత రచన) దగ్గర రెండు రోజులుగా ఇరుక్కుపోయాను, ఎవరైనా చెయ్యందించండి. వ్యాసం ఇటలీ స్వరకర్త వివాల్డి మీద. 1740 మార్చిలో సాక్సనీ యువరాజు వెనిస్ వచ్చినప్పుడు పియెతా అనాథాశ్రమం ఆడపిల్లలు ఆయన ముందు వాయించిన వివాల్డి కన్చెర్టోల్లో ఒకదానికి ముందు వరసలో ఎవరెవరున్నారో చూడండి: రెండు మాండలిన్లు (పాలకొల్లు శ్రీనివాస్ గారి పుణ్యమా అని ఇది మనకి కొత్త కాదు), బారెడు మెడ ఉండే తీగవాద్యాలు థియోర్బోలు రెండు, వేణువులు రెండు, క్లారినెట్‌కి పెద్దమ్మ వరసయ్యే శాల్యుమోలు రెండు, వయొలిన్లు రెండు, ఒక చెల్లో. మొదట కచేరీ అనే రాసేశాను, చెవికి చుట్టాల్లా ఉన్నాయి కదా అని. కానీ కచేరీ ఉర్దూ వైపు నుంచి ఆఫీసు, కోర్టు అన్న అర్థంతో వచ్చిన మాట, పైగా అది ఆ పూటంతా జరిగేది. ఇదేమో ఒక్క రచన.

— జుగల్బందీ అనేయండి, అందరికీ తెలుస్తుంది.

— జుగల్బందీ ఇద్దరికండీ, అక్కడ పదకొండు మంది! పైగా అందులో అప్పటికప్పుడు అల్లుకునేదే ఎక్కువ, ఇక్కడ చాలావరకు రాసిపెట్టిందే.

— ‘మేళవింపు’ చూడండి. లాటిన్‌లో కన్చెర్టారే అంటే పోటీ పడటం, ఇటాలియన్‌కి వచ్చేసరికి ఒక మాట మీదికి రావడం అయింది. మనకి మేళవించడం అంటే కలపడమూ, శ్రుతి చేయడమూ. మా అమ్మమ్మ వీణ ముందేసుకుని, ‘ఉండవే, మేళవించుకోనీ’ అంటూ పావుగంట బిరడాలు తిప్పేది. అదే ఏడాది అక్కడే వాయించిన ఇంకో కన్చెర్టోలో వయోలా దమోరె (కమానుతో వాయించేది), లూట్ (తీగలు మీటి వాయించేది) జంట. లూట్ గొంతు చిన్నది, అందుకని మిగతా వాద్యాలన్నిటికీ మ్యూట్లు (మోత తగ్గించే బిళ్ళలు) పెట్టమని వివాల్డి పైనే రాశాడు. పక్కవాడి గొంతు వినబడాలని తన గొంతు తగ్గించుకోవడం మేళవింపు కాక మరేమిటి?

— బావుంది, కానీ పోటీ అన్న అర్థం జారిపోతుందే! కన్చెర్టో అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట మేళవింపు అని వివరిస్తాను. ఇంకో చిక్కుంది. నేను మొదట చెప్పిన కన్చెర్టోలో ఆ రెండు వయొలిన్లని ‘ట్రొంబా మరీనా’ తరహాలో మోగించాలట. మాటకి మాట పెడితే సముద్రపు బాకా. తీరా చూస్తే అది బాకా కాదు, సముద్రంతో పనీ లేదు, కమానుతో వాయించే ఒంటితీగ వాద్యం. తీగని మోసే బ్రిడ్జి కాలొకటి వదులుగా ఉండి చెక్క మీద టపటపా కొట్టుకుంటుంటే బాకాలా రొద వస్తుంది. దీనికి మాత్రం నేను తెలుగు పేరు పెట్టను బాబోయ్.