ప్రత్యేక అవసరాలున్న బిడ్డను చేర్చుకోవాలంటే షాడో టీచర్ జీతం తల్లిదండ్రులే కట్టాలని బడి షరతు పెట్టవచ్చా?

రాజమండ్రి_అమ్మ:
మా అబ్బాయికి ఆరేళ్లు. ఆటిజం ఉంది. మాటలు తక్కువే గానీ చెప్పింది అర్థం చేసుకుంటాడు. ఇంటికి దగ్గరలో ఉన్న ఒక గుర్తింపు పొందిన ప్రైవేటు బడిలో ఒకటో తరగతికి దరఖాస్తు చేశాం. అబ్జర్వేషన్ పేరుతో వాణ్ణి ఒక గదిలో కూర్చోబెట్టి, బొమ్మలు చూపించి పేర్లు అడిగి, చివరికి నా చేతిలో ఒక హామీ పత్రం పెట్టారు. తరగతిలో వాడి పక్కనే ఉండి సాయం చేసే షాడో టీచర్‌ను మేమే వెతుక్కుని జీతం మేమే ఇచ్చుకోవాలట. తోటి పిల్లలకు ఇబ్బంది అనిపిస్తే ఎప్పుడు చెబితే అప్పుడు టీసీ తీసుకుని వెళ్లిపోవాలట. ప్రాంగణంలో వాడికి ఏం జరిగినా యాజమాన్యానికి బాధ్యత లేదని నేను సంతకం చేయాలట. షాడో టీచర్ జీతం బడి ఫీజు కంటే ఎక్కువవుతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దీన్ని అనుమతిస్తుందా? తెలిసినవారు చెప్పగలరు.

హైదరాబాద్_అడ్వొకేట్:
సంతకం చేయకండి. ఆ చట్టం 16వ సెక్షన్ ప్రభుత్వ నిధులు పొందే బడులతో ఆగలేదు, ప్రభుత్వ గుర్తింపు పొందిన బడులనూ కలిపి చెప్పింది. వివక్ష లేకుండా చేర్చుకోవడం, బిడ్డ అవసరాన్ని బట్టి సహేతుకమైన సర్దుబాట్లు చేయడం, విడిగా తోడ్పాటు అందించడం అన్నీ అందులోనే ఉన్నాయి. మీ అబ్బాయి వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే 31వ సెక్షన్ కింద ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత విద్య హక్కు ఉంది. దగ్గరి బడిలోనా, ప్రత్యేక పాఠశాలలోనా అన్న ఎంపికను కూడా చట్టం బిడ్డకే ఇచ్చింది. ఇక ఆ అబ్జర్వేషన్ సంగతి. ఆ ఫలితాన్ని బట్టే ప్రవేశం ఇస్తామన్నా, ఇవ్వమన్నా అది విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ నిషేధించిన వడపోత అవుతుందన్నది నా అభిప్రాయం. దానికి మొదటిసారి 25,000 రూపాయల వరకు జరిమానా ఉంది.

తెనాలి_కరస్పాండెంట్:
అడ్వొకేట్ గారు సగమే చెప్పారు. 16వ సెక్షన్ మాట్లాడేది ప్రభుత్వంతోనూ స్థానిక సంస్థలతోనూ. గుర్తింపు ఉన్న బడులు సహిత విద్య (వైకల్యం ఉన్న పిల్లలను మిగతా పిల్లలతో కలిపి చదివించడం) అందించేలా చూడాల్సింది వారని అది చెబుతోంది గానీ, ఖర్చంతా యాజమాన్యం నెత్తిన వేయమని చెప్పడం లేదు. పైగా సహేతుకమైన సర్దుబాటుకు అదే చట్టం ఇచ్చిన నిర్వచనంలో, అవతలివారిపై మితిమీరిన భారం పడకూడదని స్పష్టంగా ఉంది. మాది నెలకు కొద్దిపాటి ఫీజుతో నడిచే చిన్న బడి. మేమూ ఇలాంటి షరతులే పెడుతున్నాం. ఒక్క బిడ్డ కోసం ఒక మనిషిని పూర్తిగా కేటాయించడం మాకు మితిమీరిన భారం కాదని ఎవరైనా లెక్క వేసి చూపించగలరా?

సామర్లకోట_శ్రీను:
అమ్మా, వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ ఉందా? 40 శాతం లేకపోతే ఏ చట్టమూ వర్తించదు.

హైదరాబాద్_అడ్వొకేట్:
శ్రీను గారూ, అది సరికాదు. 40 శాతం నియమం ఉచిత విద్య, రిజర్వేషన్ లాంటి కొన్ని హక్కులకే వర్తిస్తుంది. వివక్ష చూపకూడదన్న నియమమూ సహేతుకమైన సర్దుబాటూ వైకల్యం ఉన్న ప్రతి ఒక్కరికీ వర్తిస్తాయని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో తేల్చింది. ఆయనకున్నది రాసేటప్పుడు చేయి పట్టేసే సమస్య. 40 శాతం వైకల్యం లేదని యూపీఎస్సీ ఆయనకు పరీక్షలో జవాబులు రాసిపెట్టే లేఖకుణ్ణి నిరాకరిస్తే, కోర్టు ఆ వాదనను అంగీకరించలేదు.

కరస్పాండెంట్ గారూ, మితిమీరిన భారం అని ఊరికే అంటే చాలదు, ఫలానా సందర్భంలో ఎందుకు భారమో చూపించాలి. బిడ్డ ఇంకా తరగతిలో అడుగే పెట్టలేదు. ఏ సాయం ఎంతసేపు కావాలో ఎవరూ అంచనా వేయకముందే పూర్తికాలపు మనిషి కావాలని షరతు పెట్టడం ఏ సెక్షన్‌లో ఉందో మీరు చెప్పండి.

తెనాలి_కరస్పాండెంట్:
నేను మళ్లీ అదే అడుగుతున్నాను, ఖర్చు ఎవరిది? విద్యాహక్కు చట్టం కింద బలహీన వర్గాల పిల్లలకు 25 శాతం సీట్లు ఇస్తే, ప్రభుత్వం తన బడిలో ఒక విద్యార్థికి పెట్టే ఖర్చు, మా ఫీజు, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అది తిరిగి చెల్లించాలి. 2012 సవరణతో వైకల్యం ఉన్న పిల్లలనూ ఆ కోటాలోకి తెచ్చారు, సంతోషం. కానీ ఆ లెక్కలో షాడో టీచర్‌కు పైసా లేదు. చట్టం చేసినవారు దాన్ని రాయకుండా వదిలేశారు, ఆ ఖాళీని మమ్మల్ని పూడ్చమంటున్నారు.

డాలస్_నాన్న:
ఇక్కడ అమెరికాలో ఇలాంటి చట్టం 1975 నుంచీ ఉంది. మా అమ్మాయికి ఏ సాయం ఎన్ని గంటలు కావాలో టీచర్లు, థెరపిస్టులు, మేము కలిసి కూర్చుని ఐఈపీ అనే పత్రంలో రాస్తాం. అందులో రాసినదాని ఖర్చు ప్రభుత్వ బడిదే, మాతో కట్టించకూడదు. నచ్చకపోతే విచారణ కోరే హక్కు మాకు ఉంది. అయితే అదనపు ఖర్చులో 40 శాతం దాకా భరిస్తామన్న ఫెడరల్ ప్రభుత్వం ఏనాడూ అంత ఇవ్వలేదు. అందుకే ఇక్కడ కూడా ప్రతి సమావేశంలో గంటల దగ్గర బేరం జరుగుతూనే ఉంటుంది.

రాజమండ్రి_అమ్మ:
భారం, భారం అని రెండుసార్లు రాశారు, కరస్పాండెంట్ గారూ. నా కొడుకు గురించి ఈ మాట ప్రతి గుమ్మంలోనూ వింటున్నాను. ఏ రోజైనా నేను ఫీజు తగ్గించమని అడిగానా? మేం వెళ్లిన మరో బడిలో ప్రిన్సిపాల్ గారు వాడి ముందే, "ఇలాంటివాళ్లను తీసుకుంటే మాకు పేరు పోతుందమ్మా" అన్నారు. వాడికి మాటలు తక్కువేమో గానీ చెవులు వినిపిస్తాయి. మీకు నిజంగా ఖర్చే అడ్డమైతే, షాడో టీచర్‌కు మేమే జీతం ఇస్తామన్నా టీసీ షరతు ఎందుకు తీసేయరు? అదొక్కటి చెప్పండి.

నిజామాబాద్_వెంకట్:
సరైన ప్రశ్న. జవాబు కోసం ఎదురుచూస్తున్నాం.

తెనాలి_కరస్పాండెంట్:
చెబుతానమ్మా, దాచడానికేమీ లేదు. రెండేళ్ల కిందట ఒక బాబును ఏ షరతూ లేకుండా చేర్చుకున్నాం. శబ్దం ఎక్కువైతే చెవులు మూసుకుని బల్ల కిందకు దూరేవాడు, ఎవరినీ కొట్టింది లేదు. అయినా దసరా సెలవుల్లోపే తోటి పిల్లల తల్లిదండ్రులు గుంపుగా వచ్చి, ఆ బాబు ఉంటే తమ పిల్లలను మాన్పిస్తామన్నారు, కొందరు నిజంగానే మాన్పించారు. టీచర్లకు రెండు నెలల జీతం ఆలస్యమైంది. ఆ రోజు ఏ అధికారీ మా గడప తొక్కలేదు. మీ అబ్బాయికి తలుపు మూసేది నాలాంటి బడులే కాదు, మిగతా తల్లిదండ్రులు కూడా. వాళ్లను నిలబెట్టి అడిగే సెక్షన్ ఈ చట్టంలో ఉంటే చూపించండి, నేను మొదట సంతకం పెడతాను.

వరంగల్_స్పెషల్_ఎడ్యుకేటర్:
ఇంతసేపటికి అసలు విషయం బయటికి వచ్చింది కాబట్టి నేనూ చెబుతాను. నేను మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో పనిచేస్తాను. అడ్వొకేట్ గారూ, కరస్పాండెంట్ గారూ, మీ ఇద్దరి వాదనలో బిడ్డ నేర్చుకునే సంగతి ఎక్కడా లేదు. షాడో టీచర్ ఉన్న తరగతులు నేను చాలా చూశాను. ఎక్కువచోట్ల ఆ మనిషికి శిక్షణ ఉండదు. చివరి బెంచీలో పక్కన కూర్చుని, తరగతి అంతా కూడికలు చేస్తుంటే ఈ బిడ్డ చేతికి రంగుల పుస్తకం ఇస్తుంది. క్లాస్ టీచర్ ఆ బెంచీ వైపు రావడం మానేస్తుంది. దాన్ని సహిత విద్య అంటే నేను ఒప్పుకోను.

బల్ల మీద రోజు వరస బొమ్మలతో అంటించి, ప్రార్థన తర్వాత తెలుగు, తర్వాత గంట, తర్వాత అన్నం అని చూపిస్తే, పని మారినప్పుడల్లా ఏడ్చే పిల్లలు కూడా కుదురుకోవడం నేను దగ్గరుండి చూశాను. దానికి పూర్తికాలపు మనిషి అక్కర్లేదు. తెలిసిన ప్రత్యేక ఉపాధ్యాయులు వారంలో కొన్ని గంటలు వచ్చి క్లాస్ టీచర్‌కు నేర్పితే సరిపోయేవారు చాలామంది ఉంటారు. ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆపైన పదిహేనుమందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో రజనీష్ కుమార్ పాండే కేసులో చెప్పింది. ఒక బిడ్డకు ఒక మనిషి అని అనలేదు. ఆ పోస్టులు నోటిఫై చేయండని 2025 మార్చిలో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. మాలాంటివాళ్లం ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే ఉన్నాం. కొట్లాడవలసింది అక్కడ.

అమ్మా, ఇంకొక మాట. మొదటి రెండేళ్లు మంచి ప్రత్యేక పాఠశాలలో పునాది వేయించి తర్వాత మామూలు బడికి మార్చితే మీ బాబుకు మేలు జరగవచ్చు. ఆ దారీ 31వ సెక్షన్ ఇచ్చిన ఎంపికే.

రాజమండ్రి_అమ్మ:
మేడమ్, మీ అనుభవం మీద గౌరవం ఉంది. కానీ ఇక్కడే మీతో విభేదిస్తున్నాను. మా ఊళ్లో ఉన్న ప్రత్యేక కేంద్రం చూసి వచ్చాను. ఆరేళ్లవాడినీ ఇరవై ఏళ్లవాడినీ ఒకే గదిలో కూర్చోబెట్టి పూసలు గుచ్చిస్తున్నారు. మా వాడు లెక్కలు ఆలస్యంగా నేర్చుకున్నా ఫరవాలేదు, మా వీధి పిల్లలు వాణ్ణి పేరు పెట్టి పిలవాలి. ఆ తల్లిదండ్రులు గుంపుగా వచ్చారన్నారే, వాళ్లు చిన్నప్పుడు ఇలాంటి బిడ్డ పక్కన కూర్చుని చదువుకుని ఉంటే వచ్చేవారు కాదు. రెండేళ్ల తర్వాత పంపితే అప్పుడు మాత్రం ఎవరు చేర్చుకుంటారు?

వరంగల్_స్పెషల్_ఎడ్యుకేటర్:
మీ ఊరి కేంద్రం అలా ఉంటే నేనూ పంపించమనను. కానీ పేరు పెట్టి పిలిస్తే చాలు, చదువు రాకపోయినా ఫరవాలేదు అన్నదాన్ని ఒక టీచర్‌గా నేను అంగీకరించలేను. చదువు చెప్పించుకోవడం కూడా మీ బాబు హక్కే.

తెనాలి_కరస్పాండెంట్:
ప్రభుత్వం వారానికి ఇన్ని గంటలని ప్రత్యేక ఉపాధ్యాయుణ్ణి మా బడికి పంపితే షాడో టీచర్ షరతు నేను తీసేస్తాను. టీసీ షరతు మాత్రం, మిగతా తల్లిదండ్రుల సంగతి తేలేదాకా తీసేయలేను.

హైదరాబాద్_అడ్వొకేట్:
ఆ షరతు మీద మీరు కోర్టులో నిలబడలేరు, కరస్పాండెంట్ గారూ. పక్కవారి అయిష్టం ప్రవేశం నిరాకరించడానికి కారణం కాదు.

అమ్మా, మీరు ఆ హామీ పత్రం నకలు తీసి ఉంచుకోండి. ప్రవేశం ఏ కారణంతో నిరాకరిస్తున్నారో రాతపూర్వకంగా ఇవ్వమని బడికి ఒక లేఖ రాసి, అందినట్టు సంతకం, ముద్ర తీసుకోండి. ఆ రెండింటితో మండల విద్యాధికారికీ, రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కూ ఒకే రోజు ఫిర్యాదు పంపండి. విచారణలో సాక్షులను పిలిపించే, పత్రాలు తెప్పించే అధికారం కమిషనర్‌కు ఉంది. చట్టాన్ని ఉల్లంఘిస్తే 89వ సెక్షన్ కింద మొదటిసారి 10,000 రూపాయల వరకు, ఆ తర్వాత 50,000 నుంచి 5 లక్షల వరకు జరిమానా పడవచ్చు. ఫిర్యాదులో షాడో టీచర్ జీతం సంగతి రెండో అంశంగా పెట్టి, టీసీ షరతును మొదటి అంశంగా రాయండి.