‘గౌప్య దాఖలె’ (రహస్య పత్రం) అని రాస్తే ఆర్టీఐ అక్కడితో ఆగిపోవాలా?

కిట్టు, సర్జాపూర్ రోడ్డు:
మా అపార్ట్‌మెంట్ వెనకే రాజకాలువె, అంటే వాననీళ్లు పోయే పెద్ద కాలువ ఉంది. గట్టి వాన పడితే బేస్‌మెంట్‌లో బైకులు సీటు దాకా మునుగుతాయి. కాలువ సర్వే రిపోర్టు, దాని మీద ఆఫీసర్లు రాసిన నోట్స్ కావాలని పది రూపాయలు కట్టి ఆర్టీఐ వేశాను. 29వ రోజున కవరొచ్చింది. లోపల కన్నడలో ఒకటే లైను: ‘గౌప్య దాఖలె’, ఇవ్వలేమట. సెక్షన్ నంబరు లేదు, ఎవరికి అప్పీలు చేసుకోవాలో లేదు. ఇలా ఇవ్వొచ్చా?

రిటైర్డ్ గుమాస్తా:
బాబూ, ముప్పై ఏళ్లు ఫైళ్ల మధ్యే బతికినవాణ్ణి. ‘ఈ గోడ కాలువ మీదే ఉంది’ అని జూనియర్ ఇంజనీరు నోట్‌లో రాస్తాడు. రేపు ఆ కాగితం వాట్సాప్‌లో తిరిగితే బిల్డరు మనుషులు వచ్చేది అతనింటికే. ఇంకోసారి అతను రాయడు, ఫోన్లో చెప్తాడు. అప్పుడు మీరు అడగడానికి కాగితమే ఉండదు.

నెల్లూరు లాయరమ్మ:
గుమాస్తా గారూ, మీ భయం నిజమే, దానికి ఆర్టీఐ చట్టంలో దారి కూడా ఉంది. ఒకరి ప్రాణానికి ముప్పుంటే 8(1)(జి) కింద ఆపొచ్చు. లేదా సెక్షన్ 10 ప్రకారం పేరు మీద నల్లగీత కొట్టి మిగతాది ఇవ్వొచ్చు. మొత్తం ఫైలే మూసేయడం ఎందుకు? పైగా ‘సమాచారం’ అంటే ఏమిటో చెప్పే 2(ఎఫ్)లోనే అభిప్రాయాలు, సలహాలు ఉన్నాయి.

కిట్టు గారూ, ఇవ్వం అంటే కారణం, అప్పీలు గడువు, ఎవరికి చేసుకోవాలి అన్నవి రాయాలని 7(8) చెబుతుంది. నిరాకరణ సబబేనని నిరూపించుకోవాల్సింది పీఐవోనే, అంటే మీ దరఖాస్తుకు జవాబివ్వాల్సిన సమాచార అధికారే, అది 19(5). ముప్పై రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి.

బుల్లెట్ బాబ్జీ, మారతహళ్ళి:
రాఫెల్ యుద్ధవిమానాల కొనుగోలు కాగితాల్నే సుప్రీంకోర్టు ఆర్టీఐలో ఇప్పించింది కదా, కాలువ రిపోర్టు ఒక లెక్కా!

నెల్లూరు లాయరమ్మ:
అది ఆర్టీఐ కేసు కాదు బాబ్జీ గారూ. ఆ కాగితాలు అప్పటికే పేపర్లో వచ్చేశాయి. వాటిని చూడొద్దన్న కేంద్రం అభ్యంతరాన్ని 2019 ఏప్రిల్ 10న కోర్టు తోసిపుచ్చింది, అంతే. మీకు కావాల్సింది 8(2). రహస్యం బయటపడితే జరిగే నష్టం కన్నా ప్రజాప్రయోజనం ఎక్కువైతే, 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఉన్నా ఇవ్వొచ్చని అందులో ఉంది. ‘ఇవ్వొచ్చు’ అని రాశారు, ‘ఇవ్వాలి’ అని కాదు. గొడవంతా ఆ మాట దగ్గరే.

రిటైర్డ్ గుమాస్తా:
అమ్మా, సర్వే రిపోర్టు ఇవ్వకపోవడం నాకూ నచ్చలేదు. కొలతల్లో రహస్యమేముంది? కిట్టూ, అప్పీలు ఎలాగూ వేస్తావు. దాంతోపాటు రిపోర్టు ఒక్కదానికే విడిగా కొత్త దరఖాస్తు పెట్టు. కర్ణాటకలో దరఖాస్తుకు ఒకటే విషయం, 150 మాటలు దాటకూడదు. మరో పది రూపాయలు పోతే పోయాయి. నోట్స్ సంగతిలో మాత్రం నా మాట మీదే ఉన్నాను.

కిట్టు, సర్జాపూర్ రోడ్డు:
సరే బాబాయ్, రెండూ వేస్తా. ఈసారి కన్నడలో రాయించి.