ఆటలకు వేగమైన ఆరు కోర్లు చాలునా, పాత పన్నెండు కోర్లు మేలా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి): కంప్యూటరు ఆటల కోసం ఇంట్లోని నాలుగు కోర్ల (ప్రాసెసరులో విడివిడిగా లెక్కలు చేసే భాగాలు) కంప్యూటరును మార్చదలచాను. బరంపురంలో దాదాపు ఒకే ధరకు రెండు దొరుకుతున్నాయి. ఒకటి కొత్త ఆరు కోర్ల ప్రాసెసరు, రెండవది ఏదో కార్యాలయం వదిలించుకున్న పన్నెండు కోర్ల సర్వరు ప్రాసెసరు. ఆటలు అన్ని కోర్లనూ నిజంగా వాడుకుంటాయా?

నాగావళి (రాయగడ): వాడుకోవు. ఒక ఫ్రేము, అంటే తెరపై ఒక బొమ్మ, తయారుకావాలంటే ముందు ఆటగాడు నొక్కిన మీటను చదవాలి, దానిని బట్టి పాత్రలు ఎక్కడున్నాయో తేల్చాలి, ఆ తరువాతనే ఏమి గీయాలో గ్రాఫిక్స్ కార్డుకు చెప్పాలి. 1967లో కంప్యూటర్ల రూపకర్త జీన్ ఆమ్‌డాల్ ముందుకు తెచ్చిన వాదన ప్రకారం, పనిలో సగం ఒకదాని వెనుక ఒకటిగా జరగవలసినదైతే, ఎన్ని కోర్లు చేర్చినా వేగం రెండింతలు దాటదు. నారు పీకి అందించే మనిషి ఒక్కడే అయినప్పుడు, మడిలోకి ఎంతమందిని దింపితే మాత్రం నాట్లు త్వరగా పడతాయా?

సిరొంచవాసి: నారు అందించేవాడు ఒక్కడే ఉండాలని ఎవరన్నారు? అది డైరెక్ట్‌ఎక్స్ 11 (ఆటకూ గ్రాఫిక్స్ కార్డుకూ మధ్య నడిచే సాఫ్ట్‌వేరు) నాటి మాట. 2015లో వచ్చిన డైరెక్ట్‌ఎక్స్ 12లోనూ, మరుసటి ఏడు వచ్చిన అలాంటిదే అయిన వల్కన్‌లోనూ, గీయవలసిన వాటి ఆజ్ఞలను అనేక థ్రెడ్లు (పక్కపక్కనే సాగే పనుల వరుసలు) ఏకకాలంలో రాయగలవు. 2013 నాటి ప్లేస్టేషన్ 4 ఆటల యంత్రంలో ఎనిమిది కోర్లున్నా వాటి వేగం 1.6 గిగాహెర్ట్జ్ మాత్రమే. ఒక్క కోరును నమ్ముకుంటే బండి కదలదు కనుక, కదలికలనూ వస్తువులు ఢీకొనే లెక్కలనూ శబ్దాన్నీ చిన్న చిన్న పనులుగా విడదీసి పంచడం ఇంజన్లు (ఆటను నడిపే మూల సాఫ్ట్‌వేరు) తయారుచేసేవారికి తప్పనిసరి అయింది.

నాగావళి: మరి నా పన్నెండు కోర్ల యంత్రంలో ఆట నడుస్తున్నప్పుడు టాస్క్ మేనేజరులో ప్రాసెసరు వాడకం 30 శాతం ఎందుకు దాటదు?

సిరొంచవాసి: కోరుకు రెండు చొప్పున మీ యంత్రంలో 24 థ్రెడ్లున్నాయి కదా. ఒక థ్రెడ్డు పూర్తిగా నిండినా మొత్తంలో సుమారు 4 శాతమే. 30 శాతమంటే ఏడు థ్రెడ్లకు సరిపడే పని. ఒక్క కోరే పనిచేస్తుందన్న మీ వాదనను మీ లెక్కే కొట్టివేస్తున్నది.

నాగావళి: ఏడు ఉంటే మాత్రమేమి? మొదటిది నిండిపోయి, మిగిలినవి దాని కోసం ఆగుతున్నాయి.

జయపురం పాతకాపు: సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కొక్కదానికి దక్కేది 16.67 మిల్లీసెకన్లు. ఒక్క ఫ్రేము ఆలస్యమైనా ఆట కుదుపుతుంది. శాతాలు సగటులు, ఆ కుదుపు సగటులో కనబడదు.

సిరొంచవాసి: 30 శాతం గురించి నాగావళి గారు ఇంకా జవాబు చెప్పలేదు.

నాగావళి: జవాబు కావాలా? నిరుడు ఇదే వేదికలో "కోర్లు ఎన్ని ఉంటే అంత మేలు" అని రాసినది మీరే. ఆ మాట నమ్మి పాత సర్వరు ప్రాసెసరు కొన్నాను. అమ్మిన దుకాణం వారు వెనక్కి తీసుకోలేదు. పక్కింటి కుర్రవాడి ఆరు కోర్ల యంత్రంలో అదే ఆట నా దానికంటే సాఫీగా నడుస్తుంటే, మీ వల్కన్ నన్నేమి ఉద్ధరించింది?

సిరొంచవాసి: పాతది కొనమని నేను చెప్పలేదు. కానీ నా గొడవ ఏమిటో ఇప్పుడు చెబుతాను. మాకు మంచి దుకాణం కావాలంటే ప్రాణహిత దాటి మంచిర్యాల పోవాలి. ఒకసారి కొన్న యంత్రం ఎనిమిదేళ్లు నడవాలి. అందుకే రేపటి ఆటలు అడిగే కోర్లను ఈరోజే లెక్కవేస్తాను.

నాగావళి: నేను ఈ సాయంత్రం ఆడే ఆటను లెక్కవేస్తాను. ఈ ముక్క మొదటే అని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

జయపురం పాతకాపు: ఒక్క సంగతి మరచిపోకండి. 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డి ప్రాసెసరు ఎనిమిది కోర్లదే అయినా, 96 మెగాబైట్ల ఎల్3 క్యాష్ (ప్రాసెసరులోనే ఉండే వేగమైన మెమరీ) వల్ల ఆటల్లో తనకంటే ఎక్కువ కోర్లున్నవాటిని కూడా మించింది. కోరు ఖాళీగా కూర్చునేది చాలాసార్లు మెమరీ కోసమే.

మహేంద్రతనయ: ఆరు కోర్లదే తీసుకుంటున్నాను. అదే మదర్‌బోర్డులో తరువాత ఎనిమిది కోర్లది పెట్టుకోవచ్చునట. సిరొంచవాసి గారి భయానికి అది చాలుననుకుంటాను.

నాగావళి: కోర్లన్నీ వాడుకొనేలా వీడియోలు కూర్చేవారు ఎవరైనా ఉంటే, పన్నెండు కోర్లది ఒకటి నా దగ్గర అమ్మకానికి ఉంది.