రెండు కిరీటాలు, ఒకే రాజు: దీన్ని ‘విలీనం’ అనొచ్చా?

ప్రశ్న:
స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ లిస్బన్‌నే రాజధాని చేసుకున్నాడనీ, స్పెయిన్, పోర్చుగల్ 1640లో విడిపోకుండా ఒకే సామ్రాజ్యంగా సాగాయనీ ఊహించి ఒక నవలిక తయారవుతోంది. మొదటి పేజీలో “1580లో పోర్చుగల్ స్పెయిన్‌లో విలీనమైంది” అన్న వాక్యం ఉంది. ‘విలీనం’ సరైన మాటేనా? లేక ‘ఐక్యత’, ‘ఏకీకరణ’, ‘ఉమ్మడి’ లాంటిది పెట్టాలా? ఇంకో ఇబ్బంది: జరగని చరిత్ర కదా, పేజీ నిండా ‘అయి ఉండేది’, ‘వచ్చి ఉండేవాడు’ అనే మాటలే పడుతున్నాయి. దారి చెప్పగలరు.

జవాబు:
‘విలీనం’ వద్దండీ. ఉప్పు నీళ్ళలో కరిగినట్టు తన రూపం పోగొట్టుకున్నదాన్ని విలీనమంటాం. పోర్చుగల్ కరగలేదు. 1578లో రాజు సెబాస్టియన్ మొరాకోలోని అల్కాసర్ కిబిర్ యుద్ధంలో పోయాడు, పిల్లల్లేరు. తర్వాత గద్దెనెక్కిన ముసలి కార్డినల్ హెన్రీ 1580 జనవరిలో పోయాడు. రెండో ఫిలిప్ తల్లి పోర్చుగల్ రాజు మాన్యువల్ కూతురు. ఆ హక్కు చెప్పుకుని, ఆల్బా ప్రభువుని సైన్యంతో పంపి గద్దె పట్టాడు. కానీ 1581లో తోమార్‌లో సమావేశమైన ప్రతినిధుల సభ ముందు మాటిచ్చాడు: పోర్చుగల్ చట్టాలు, నాణేలు, కొలువులు పోర్చుగల్ వాళ్ళవే, ఇండియా వ్యాపారమూ వాళ్ళదే. అంటే ఏలిక ఒక్కడు, రాజ్యాలు రెండు. దీనికి ‘జంట రాజరికం’ అన్న మాట సరిగ్గా అతుకుతుంది. హైదరాబాదు, సికింద్రాబాదులను జంటనగరాలంటున్నాం, అక్కడ రెండు పేర్లూ నిలిచే ఉన్నాయి కదా.

‘ఐక్యత’ మనసులకి సంబంధించిన మాట, రాజ్యాంగ ఏర్పాటుకి నప్పదు.

మరొకరు:
జంట రాజరికం బాగుంది. మరి ‘ఉమ్మడి రాజ్యం’ అంటే తప్పేంటి? ఉమ్మడి కుటుంబంలోనూ యజమాని ఒక్కడే కదా.

జవాబు:
యజమాని ఒక్కడే, నిజమే. కానీ ఉమ్మడి కుటుంబంలో ఖర్చు పెట్టే సంచీ కూడా ఒకటే. తోమార్ ఏర్పాటులో సంచులు రెండు. వాటిని కలపాలని చూసింది నాలుగో ఫిలిప్ మంత్రి ఒలివారెస్. 1625–26లో ఆయన ‘ఆయుధాల కూటమి’ అనే పథకం పెట్టాడు. మొత్తం 1,40,000 మంది ఉమ్మడి సైన్యం, ఎవరి వాటా వాళ్ళు పోషించాలి. స్పెయిన్‌లోని ప్రధాన రాజ్యం కాస్టీల్, అమెరికా భూములు కలిపి 44,000. పోర్చుగల్ 16,000, స్పెయిన్ ఈశాన్యాన ఉన్న కాటలోనియా 16,000, ఇటలీలోని నేపుల్స్ 16,000. జనబలాన్ని ఎక్కువగా లెక్కేశారని కాటలోనియా మొండికేసింది. 1640లో అక్కడ తిరుగుబాటు లేచింది. దాన్ని అణచడానికి పోర్చుగల్ కులీనులు కూడా కదలాలని ఆజ్ఞ వెళ్ళింది. ఆ డిసెంబరు 1న లిస్బన్‌లో వాళ్ళే రాజప్రాసాదంలో చొరబడి బ్రగాంజా ప్రభువుని రాజుగా ప్రకటించారు.

కాబట్టి ‘ఉమ్మడి’ అన్న మాటని ఒలివారెస్ గెలిచిన ఊహకి దాచిపెట్టుకోండి. 1580కే వాడేస్తే, కథలో ఆయన సాధించాల్సింది ముందే సాధించినట్టు చదువుతారు. ఆ తర్వాత చట్టాలూ కోర్టులూ కూడా ఒకటైతే, అప్పుడు ‘విలీనం’ అనండి.

‘చక్రవర్తి’ అన్న మాట కూడా చూసుకోండి. ఐదో చార్ల్స్‌కి ఆ బిరుదుంది, కొడుకు రెండో ఫిలిప్‌కి లేదు. ఆయన రాజే. ఇంకొకటి, స్పెయిన్ లెక్కలో రెండో ఫిలిప్ అయినవాడు పోర్చుగల్ లెక్కలో మొదటి ఫిలిప్. నవలికలో లిస్బన్ మనిషి నోట “మా రెండో ఫిలిప్” అనిపిస్తే, అతను ఈ ఫిలిప్ కొడుకు గురించి మాట్లాడుతున్నట్టవుతుంది.

మరొకరు, క్రియల సంగతి:
‘అయి ఉండేది’ చాలావరకు అక్కర్లేదండి. తెలుగులో చేదర్థకం ఒకటి (-తే, -కపోతే), దాని తర్వాత ‘-ఏది’, ‘-ఏవాడు’ క్రియ ఒకటి ఉంటే చాలు. “సెబాస్టియన్ చనిపోకపోతే ఫిలిప్‌కి పోర్చుగల్ దక్కేది కాదు.” ఇందులో ‘దక్కి ఉండేది’ అని సాగదీసినా అదనంగా వచ్చే అర్థమేమీ లేదు.

అసలు చిక్కు వేరే ఉంది. ‘-ఏవాడు’ రూపానికి మనకి రెండు పనులు: జరగనిదీ చెప్తుంది, అలవాటుగా జరిగిందీ చెప్తుంది. “ఫిలిప్ లిస్బన్‌లో ఉండేవాడు” అని విడిగా రాస్తే పాఠకుడు దాన్ని నిజంగానే తీసుకుంటాడు. ఇక్కడ అది నిజం కూడా, 1581 నుంచి 1583 దాకా ఆయన మకాం అక్కడే. మీ ఊహేమో, ఆయన మళ్ళీ కాస్టీల్‌కి వెళ్ళకుండా లిస్బన్‌నే రాజధాని చేసుకున్నాడని! ‘-తే’ ముక్క పక్కనే లేకపోతే నిజమూ ఊహా కలిసిపోతాయి.

ఇలా చెయ్యండి. మలుపు దాకా మామూలు భూతకాలంలో రాయండి. మలుపుని ఒక్క వాక్యంలో, విడి పేరాగా పెట్టండి: “1583లో ఫిలిప్ కదలకపోతే?” ఆ తర్వాత మళ్ళీ మామూలు భూతకాలమే: “ఆ ఏడాది రాజు సలహా మండలులన్నీ లిస్బన్‌లో తేజో నది ఒడ్డుకి తరలాయి.” ఇక ‘ఉండేది’తో పని లేదు. మలుపు దాటాక నిజం తేదీ ఏదైనా చెప్పాల్సొస్తే పాత్ర నోట పెట్టకండి, వెనక్కి తీసుకొచ్చి మలుపుకి ముందు పేరాలో పెట్టండి.

మరొకరు:
మచిలీపట్నం సన్నివేశం ఉంటే పోర్చుగీసు వాళ్ళని ‘బుడతకీచులు’ అనండి, పాత తెలుగు పేరు అదే. ఊరిలో వలందపాలెం ఉంది, అంటే డచ్చి వాళ్ళ పేట. ఫిలిప్ మీద తిరగబడ్డ డచ్చి వాళ్ళకి, 1580 తర్వాత ఆయన చేతికొచ్చిన లిస్బన్ రేవులో మిరియాలు దొరకడం కష్టమైంది. వాళ్ళు తిన్నగా తూర్పుకి ఓడలు నడపడానికి అదొక కారణం. 1605 ప్రాంతంలో మచిలీపట్నంలో దిగారు. మీ కథలో రాజు డచ్చి వాళ్ళతో ముందే రాజీపడితే, ఆ పేట పేరు మారాలి.

రేవులో నడిచేది పోర్చుగీసా, కాస్టీలియనా (కాస్టీల్ భాష, మనం స్పానిష్ అనేది) అన్న తేడా మాటల్లోనూ చూపించొచ్చు. పోర్చుగీసు ‘బొతావ్’లోని ముక్కు పలుకు మన ‘బొత్తాం’ చివర ‘ఆం’గా నిలిచింది. కాస్టీలియన్‌లో అది ‘బొతోన్’. ‘వేలం’ కూడా పోర్చుగీసు ‘లెయిలావ్’ నుంచి వచ్చిందే, కాస్టీలియన్‌లో దానికి ‘అల్మొనేడా’ అంటారు. ‘పాదిరి’ మాత్రం రెండిట్లోనూ ‘పాద్రే’నే, దాన్ని కదపక్కర్లేదు.

అడిగినవారు:
మొదటి వాక్యం ఇలా మార్చాను: “1580లో పోర్చుగల్, స్పెయిన్ ఒకే రాజు కిందికి వచ్చాయి.” ‘జంట రాజరికం’ రెండో వాక్యంలో వస్తుంది. రాజధాని లిస్బన్, కాబట్టి రేవులో పోర్చుగీసే నడుస్తుంది, బొత్తాం బొత్తాంగానే ఉంచుతున్నాను.

జవాబు:
‘స్పెయిన్’ బదులు అక్కడ ‘కాస్టీల్’ అని పెట్టండి. స్పెయిన్‌లోనే ఉన్న ఆరగాన్ రాజ్యానికి కూడా అప్పటికి చట్టాలు వేరే, సభలు వేరే.