రెండు డోసులు వేయించినా తట్టు వచ్చింది, ఎందుకు?

ఖమ్మం అమ్మ:
మా బాబుకి ఆరేళ్లు. తట్టు, రుబెల్లా రాకుండా వేసే ఎంఆర్ టీకా తొమ్మిదో నెలలో ఒకటి, పదహారో నెలలో ఒకటి వేయించాం. కార్డులో రెండూ ఉన్నాయి. అయినా పోయిన నెల తట్టు పోసింది. చెవుల వెనక మొదలై ఒళ్లంతా ఎర్రగా పాకింది. తొందరగానే తగ్గింది. కానీ వాళ్ల స్కూల్లో వచ్చిన ఏడుగురిలో ముగ్గురు టీకా పడ్డవాళ్లే! ఆడపడుచు పాపకి వచ్చే వారం తొమ్మిది నెలలు నిండుతాయి. "సూది వేయించినా ఒకటే, వేయించకపోయినా ఒకటే" అని అత్తయ్య వద్దంటున్నారు. నాకూ టెన్షన్‌గా ఉంది.

ఏఎన్ఎం అక్క:
పాపకి తప్పకుండా వేయించమని చెప్పు చెల్లీ. ఏడుగురిని మాత్రమే చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. స్కూల్లో వంద మంది ఉన్నారనుకో. 95 మందికి టీకా పడింది, ఐదుగురికి పడలేదు. రెండు డోసులు నూటికి 97 మందిని కాపాడతాయి. అంటే ఆ 95 మందిలో ముగ్గురికి రావచ్చు. టీకా లేని ఐదుగురిలో నలుగురైదుగురికి వస్తుంది. 95లో ముగ్గురు, ఐదుగురిలో నలుగురు. ఇప్పుడు చెప్పు, రెండూ ఒకటేనా? టీకా పడ్డ పిల్లలకి వచ్చినా చాలావరకు మీ బాబుకి లాగే తేలిగ్గా పోతుంది.

డాలస్ నుంచి:
2025లో పశ్చిమ టెక్సస్‌లో తట్టు పాకినప్పుడు మా పాపకి ఎనిమిది నెలలు. ఇక్కడ మొదటి డోసు ఏడాది నిండాకే. అక్కడ 762 మందికి వచ్చింది, టీకా పడని ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఎక్కువ కేసులున్న గెయిన్స్ కౌంటీలో బళ్లో చేరే పిల్లల్లో 82 శాతం మందికే టీకా ఉందట. ఎనభై దాటినా ఆగదా అక్కా?

ఏఎన్ఎం అక్క:
తట్టుకి చాలదమ్మా. ఎవరికీ రక్షణ లేని చోట ఒక్కరి నుంచి 12 నుంచి 18 మందికి అంటుకుంటుంది. 15 అనుకో. అందులో 14 మందికి రక్షణ ఉంటే ఇంకొక్కరికే వెళ్తుంది, అంతకన్నా ఎక్కువ మందికి ఉంటే గొలుసు తెగిపోతుంది. అందుకే ప్రతి ఊళ్లోనూ 95 శాతం కావాలంటాం.

ఒక నాన్న:
మా వాడికి లుకేమియాకి, అంటే బ్లడ్ క్యాన్సర్‌కి, మందులు నడుస్తున్నాయి. వాటితో ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గిపోతుంది. తట్టు టీకాలో ఉండేది నీరసింపజేసిన బతికున్న వైరస్ కాబట్టి ఇప్పుడు వేయకూడదన్నారు. దగ్గినవాళ్లు వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా తట్టు వైరస్ గాల్లో ఉంటుందట. వాడిని కాపాడాల్సింది చుట్టూ ఉన్న మీ పిల్లల టీకాలే. అత్తయ్యగారికి మా సంగతి కూడా చెప్పండి.

ఖమ్మం అమ్మ:
చెప్పానన్నా. అత్తయ్య ఏం మాట్లాడలేదు కానీ కార్డు ఎక్కడుందని కూతురికి ఫోన్ చేసి అడిగారు. బుధవారం తీసుకెళ్తారట. విటమిన్ ఎ కూడా అప్పుడే ఇస్తారా అక్కా?

ఏఎన్ఎం అక్క:
అవును, అదే రోజు. రెండో డోసు పదహారు నెలలు నిండాక. అది మాత్రం మరిచిపోనివ్వకు.