గుడ్డికొంగకు నిజంగా కళ్లు కనబడవా?

ప్రశ్న: మా నర్సంపేట దిక్కు పొలాలల్ల తెల్లకొంగల నడుమ మట్టిరంగుది ఒకటి ముడుచుకొని కూసుంటది, దాన్ని గుడ్డికొంగ అంటరు. చేపలైతే మంచిగనే పట్టుకుంటది మరి. గుడ్డి అని ఎందుకన్నరు? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

జవాబు:

తమ్మీ, నీ ప్రశ్నకు మిగతావాళ్లు రాసిన జవాబులన్నీ చదివాను. ఇక్కడ గుడ్డి అంటే చూపు లేనిదని కాదు, మసక అని ఒక అక్క రాశారు. గుడ్డిదీపం, గుడ్డివెలుతురు అంటాం కదా, అట్లనే వెలిసిపోయిన రంగున్న కొంగ గుడ్డికొంగ అయ్యిందని ఆమె మాట. మన భాషలో ఆ అర్థం ఉంది, కాదనను. కానీ ఈ పక్షి విషయంలో నాకు నమ్మబుద్ధి కావడం లేదు. హిందీలో ఇదే పక్షిని అంధా బగ్లా అంటారు, శ్రీలంకలో సింహళం మాట్లాడేవాళ్లు కణ కొకా అంటారు, రెండింటికీ గుడ్డికొంగ అనే అర్థం. ఒకరి భాష ఒకరికి రాని రైతులు ఇన్ని చోట్ల అదే పేరు పెట్టారంటే రంగు కాదు, దాని నడత చూసి పెట్టి ఉంటారు.

ఆ నడత ఏందో పొలం గట్టు మీద నడిచినవాళ్లకు చెప్పనక్కర్లేదు. మనిషి అలికిడి కాగానే తెల్లకొంగలు దూరంనుంచే లేచిపోతాయి, ఇది మాత్రం మెడ భుజాల్లోకి గుంజుకొని ఒడ్డున మట్టిపెళ్లలాగ కదలకుండా ఉంటుంది, మన కాలు దాదాపు దాని మీద పడేదాకా ఉండి, అప్పుడు గొంతు చించుకొని ఒక్క అరుపు అరిచి లేస్తుంది. 'ఇంత దగ్గరికి వచ్చినా చూడదేంది, కళ్లు లేవా' అని అనుకున్నారు. కళ్లు బాగానే ఉన్నాయి. వీపు మీద, మెడ మీద ఉన్న గోధుమరంగు చారలు బురదలో కలిసిపోతాయి కాబట్టి, కదలకుంటే ఎవరూ చూడరన్నది దాని ధీమా. కొంగ జపం అన్న మాట ఏ కొంగను చూసి పుట్టిందో గానీ దీనికే బాగా కుదురుతుంది.

దూరంనుంచి దీన్ని పోల్చుకోవాలంటే లేచేదాకా ఆగాలి. రెక్కలు, తోక పూర్తిగా తెలుపు, ముడుచుకున్నప్పుడు ఆ తెలుపు కనబడదు. బురదలోంచి ఒక్కసారి తెల్లటి పక్షి లేచి, మళ్లీ వాలంగనే మాయమైతే అది గుడ్డికొంగే.

ఇంకొకరు 'కొంగలన్నీ కొంగలే, పేర్లు ఎందుకు' అన్నారు. అన్నా, అక్కడే చిక్కు. మనం కొంగ అనే ఒక్క మాటలో రెండు మూడు కుటుంబాల పక్షులను కలిపేస్తాం. కరిగెట దున్నే ట్రాక్టర్ వెనక తిరిగే తెల్లకొంగలు, చెరువులో ఒంటరిగా నిలబడే బూడిదరంగు నారాయణ పక్షి, ఈ గుడ్డికొంగ, ఇవన్నీ ఎగిరేటప్పుడు మెడ మడిచి వెనక్కి గుంజుకుంటాయి. నత్తగుల్ల కొంగ, ఎర్రకాళ్ల కొంగ అట్ల కాదు, మెడ ముందుకు చాచి ఎగురుతాయి, ఎండ ఎక్కినాక రెక్క ఆడించకుండా గద్దల్లాగ పైన చుట్లు తిరుగుతాయి. పాకాల చెరువు కట్ట మీద నిలబడితే రంగు కనబడనంత ఎత్తులో పోతున్నా మెడ మాత్రం కనబడుతుంది. తెల్లటి ఒళ్లు, రెక్కల వెనక అంచు నలుపు, మెడ బార్లా చాపి ఉంటే చాలావరకు నత్తగుల్ల కొంగే. పెద్దయ్యాక దాని ముక్కు రెండు దవడల నడుమ సందు కూడా ఉంటుంది గానీ, అది దుర్భిణి లేకుండా కనబడదు.

పాలపిట్ట మాట ఎవరో ఎత్తారు కాబట్టి చెప్తున్న, అదీ ఈ బాపతే. కరెంటు తీగ మీద కూర్చుంటే పెద్ద తల, మట్టిరంగు ఛాతీ, ఏం పిట్టనో పట్టించుకోం. లేస్తే రెక్కల్లో లేతనీలం, ముదురునీలం పట్టీలు. దసరా నాడు చూడాలని జనం పొలాల దిక్కు పోయేది దానికోసమే, మన తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా అదే. 'పాల' ఎందుకంటే, దాని ఈకల ముక్కలు గడ్డిలో కలిపి మేపితే ఆవు పాలు ఎక్కువిస్తుందని ఒక నమ్మకం ఉండేదట, పాత పక్షి పుస్తకాల్లో రాశారు. ఆ పిట్టను పంజరంలో పెట్టి దసరాకు ఇంటింటికీ తిప్పేవాళ్లకు పైసలు ఇవ్వకండి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఆ పిట్టను పట్టి ఉంచడం నేరం, పైగా పట్టేటప్పుడు రెక్కలు కట్టేస్తారు.

గద్ద, డేగ ఒకటేనా అని అడిగిన చెల్లెకు: ఒకటి కాదు. కోడిపిల్లను ఏది తన్నుకుపోయినా మనం గద్ద అనేస్తాం. ఊరి మీద తిరిగే నల్లగద్ద తోక చివర చీలి ఉంటుంది, తిరిగేటప్పుడు ఆ తోకను చుక్కాని లెక్క తిప్పుతుంది. తల తెల్లగా, ఒళ్లు ఇటుకరంగులో ఉండి, తోక గుండ్రంగా ఉంటే గరుడ పక్షి. డేగ చిన్నది, రెక్కలు పొట్టి, నాలుగైదు సార్లు గబగబా కొట్టి కాస్త జారుతుంది, మళ్లీ కొడుతుంది. రాబందు సంగతి వేరే, మన వైపు చూడాలంటే బెజ్జూరు అడవి దాకా పోవాల్సి వచ్చేది, అక్కడ పాలరాపు గుట్ట అంచుల్లో గూళ్లు పెట్టేవి.

ఇంకొకటి. పాత నిఘంటువు తీస్తే ఇట్లాంటి పేర్లకు ఎదురుగా 'పక్షివిశేషము' అని రాసి వదిలేస్తారు. పండితుడికి అది చాలేమో, చెరువు కట్ట మీద మనకు దానితో ఏం పని? చింతవక్క అన్న పేరే చూడండి. పగలు చెట్టు కొమ్మల్లో నిద్రపోయి, పొద్దుగూకినాక 'వక్' అని అరుస్తూ చెరువుకు పోయే కొంగ అది. చింతచెట్టూ, ఆ అరుపూ కలిసే ఆ పేరు వచ్చిందని నాకనిపిస్తుంది. చీకట్లో ఒళ్లు కనబడకపోయినా, ఆ కూతతోనే ఇది చింతవక్క అని చెప్పొచ్చు.

మళ్లీ ప్రశ్న: అన్నా, వానకాలంల మా దగ్గర వీపు ముదురు ఎరుపుగ, తల వెనక తెల్ల కుచ్చు ఉన్నది ఒకటి చూసిన. అది వేరే కొంగనా?

జవాబు: వేరే కాదు తమ్మీ, గుడ్డికొంగే. గూడు పెట్టే కాలంలో దానికి ఆ రంగు వస్తుంది, అయిపోయినాక మళ్లీ మట్టిరంగే. ఈసారి కనబడితే లేచేదాకా చూడు, రెక్కలు అదే తెలుపు.